కుడితి తొట్టి లేని ఇంట్లో

వంకాయ తొడిమ తీసి పక్కన పెట్టినప్పుడు అది చెత్త కాదు. బీరకాయ చెక్కు, ఉల్లిపొట్టు, కొత్తిమీర వేళ్లు, టమాటా ముచ్చిక, అరటితొక్క... కత్తిపీట పక్కన పళ్లెంలో ఉన్నంతసేపూ అవన్నీ మొక్కలోంచి వచ్చిన భాగాలే. మళ్లీ ఏదో ఒక మొక్క వేరుకు తిండి కాగలిగినవే. అదే పళ్లేన్ని తీసుకెళ్లి పాలపాకెట్ల కవర్లు, నిన్నటి సాంబారు, పగిలిన బల్బు, పసిపిల్ల డైపరు ఉన్న బుట్టలో బోర్లిస్తే ఆ క్షణం నుంచి అది చెత్త. ఇక దాన్ని ఏ మొక్కకూ వేయలేం, ఏ పశువుకూ పెట్టకూడదు, ఏ మనిషీ ముట్టుకోడు. ముట్టుకోక తప్పని మనుషులు కొందరున్నారు. వాళ్ల దగ్గరికి తర్వాత వద్దాం.

వంటింటి తరుగుతో మొక్కలు పెంచుకోవడం గురించి ఇప్పుడు నలుగురు కూడిన చోటల్లా మాట్లాడుకుంటున్నారు. ఎంతో సంతోషించాల్సిన విషయం. అయితే ఆ మాటలు చాలావరకు ఏ తొక్క ఏ మొక్కకు మంచిదన్న దగ్గరే ఆగిపోతున్నాయి. అసలు పని అంతకంటే ముందుంది. వంటగట్టుకూ చెత్తబుట్టకూ మధ్య నాలుగడుగుల దూరంలో ఆ తొక్క ఎటు వెళ్లాలో తేలిపోతుంది. అక్కడ వేరు చేయగలిగితే తర్వాత జరగాల్సింది గాలి, తడి, సూక్ష్మజీవులు చూసుకుంటాయి. అక్కడ కలిపేస్తే ఎంత పెద్ద యంత్రం తెచ్చినా దాన్ని మళ్లీ పూర్తిగా విడదీయలేదు.

ఒకప్పుడు మన ఇళ్లలో ఇదంతా ఎవరూ ప్రత్యేకంగా అనుకోకుండానే జరిగిపోయేది. పెరట్లో పాడి ఉన్న ఇంట్లో వంటింటి గడప దాటిన ప్రతి వస్తువుకూ ఒక దారి ఉండేది. బియ్యం కడిగిన మొదటి నీళ్లు కుడితి తొట్టిలోకి. వార్చిన గంజిలో ఇంట్లోవాళ్లు తాగగా మిగిలింది కుడితిలోకే. సొరకాయ చెక్కు, ముదిరిన తోటకూర కాడలు, పులిసిపోయిన అన్నం, చల్లకుండ కడిగిన నీళ్లు, అన్నీ అందులోకే. పాలు పిండే వేళకు గుప్పెడు తవుడు కలిపి గేదెను వదిలితే, అది మూతి కళ్లదాకా ముంచి, ముక్కుతో బుడగలు తేలుస్తూ, తొట్టి అడుగున పేరుకున్న మెతుకులు కూడా నాకేసేది. గేదె ముట్టని నిమ్మచెక్కలు, మునక్కాయ పిప్పి, మామిడి టెంకలు, వాకిలి ఊడ్చిన ఆకులు దిబ్బ మీదికి చేరేవి. పేడా అక్కడికే, గొడ్ల కింద తడిసిన గడ్డీ అక్కడికే. ఏడాది పొడవునా దిబ్బ పెరుగుతూనే ఉండేది. ఎండలు ముదిరాక, తొలకరికి ముందు బండి కట్టి ఆ ఎరువును పొలానికి తోలేవారు. ఒకచోట దిబ్బ ఎరువన్నారు, ఒకచోట పెంట అన్నారు, ఉత్తరాంధ్రలో గత్తం అన్నారు. పార దించితే అడుగున నల్లగా, పొడిపొడిగా, చేతికి చల్లగా తగిలేది. నిరుడు వేసిన తొక్క ఏదో ఆకు ఏదో గుర్తుపట్టడానికి వీలుండేది కాదు. తోలగా మిగిలిన దిబ్బ మీద ఎవరూ నాటకుండానే గుమ్మడి పాదు అల్లుకునేది.

ఈ పద్ధతిలో ఒక విషయం గమనించాలి. పచ్చి తొక్కను తెచ్చి నేరుగా మొక్క మొదట్లో వేసే అలవాటు ఆ ఇళ్లలో పెద్దగా లేదు. తొక్కకూ మొక్కకూ మధ్య ఒక గేదె కడుపు ఉండేది. ఆ తర్వాత నెలల తరబడి దిబ్బ ఉండేది. నేరుగా మొక్కకు చేరినవి చాలావరకు నీళ్లే. జాలాది నుంచి కాలువ కట్టి వదిలిన నీళ్లతో అరటి గెలలు వేసేది, ఆ పక్కనే చేమ ఆకులు గొడుగుల్లా విప్పుకునేవి. పుల్లమజ్జిగ పలచగా చేసి కరివేపాకు మొదట్లో పోసేవారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చలికాలం రాగానే కరివేపాకు కుండీని ఇంట్లోకి తెచ్చుకుని కాపాడుకునే తెలుగువాళ్లు ఈనాటికీ ఆ మజ్జిగను మరిచిపోలేదు. కోస్తా ఊళ్లలో చేపలు కడిగిన నీళ్లు సొరపాదుకు వెళ్లేవి. కట్టెలపొయ్యి బూడిదను పొద్దున్నే, మంచు తడి ఆరకముందే, చిక్కుడు తీగల మీద పేనుబంక పోవడానికి చల్లేవారు. నేల మీద రాలిన బూడిదలో పొటాష్ ఉండేది కాబట్టి అది తీగ వేరుకూ అందేది.

అలాగని ఆ పెరటికి బంగారు పూత పూయనక్కర్లేదు. పేడ ఎత్తిందీ, కుడితి మోసిందీ, తట్టలతో దిబ్బకు చేర్చిందీ ఇంటి ఆడవాళ్లూ పాలేర్లూ. వానాకాలం వస్తే దిబ్బ చుట్టూ ఈగలూ దోమలూ ఉండేవి. ఆ జీవితాన్ని తిరిగి తెచ్చుకోమని ఎవరూ అనరు. అయితే అందులో ఒక క్రమం ఉంది: వేరు చేయడం, మాగనివ్వడం, తర్వాతే మట్టికి ఇవ్వడం. గేదె పోయినా, దిబ్బ పోయినా, ఆ క్రమాన్ని వదులుకోవాల్సిన అవసరం మాత్రం మనకు లేదు.

ఆ క్రమంలో ఉన్న శాస్త్రాన్ని గౌరవంగా చూసినవారిలో ఆల్బర్ట్ హోవర్డ్ ముఖ్యుడు. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసిన ఈ ఆంగ్లేయ శాస్త్రవేత్త, రైతు పారేసే చెత్తను, పేడను, కాస్త మట్టిని, బూడిదను పొరలుగా పేర్చి, తడి చూసుకుంటూ, తిరగవేస్తూ మూడు నెలల్లో ఎరువు చేసే పద్ధతిని స్థిరపరిచాడు. యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో దాన్ని పుస్తకంగా తెచ్చాడు. ఇండోర్ పద్ధతి అని ప్రపంచమంతా చెప్పుకునేది దీన్నే. తర్వాత సి.ఎన్. ఆచార్య పట్టణాల చెత్తకు అనువైన బెంగళూరు పద్ధతిని రూపొందించారు. ఇటుకల మధ్య గాలిసందులు వదిలి కట్టే నాడెప్ తొట్టి మహారాష్ట్ర రైతు పాండరీపాండే చలవ. అన్నింటిలోనూ పొరలు, తడి, ఓపిక అనే మూడే సూత్రాలు. కొందరు తిరగవేయమన్నారు, కొందరు కదపొద్దన్నారు, అంతే తేడా.

ఇప్పుడు మన డాబాల మీదికి వద్దాం. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారు మిద్దెతోట అన్న మాటను ఇంటింటి మాట చేశాక, హైదరాబాదులోనూ విజయవాడలోనూ విశాఖలోనూ ఎన్నో డాబాల మీద వంకాయ, బెండ, గోంగూర, పాలకూర పండుతున్నాయి. పదవీ విరమణ చేసినవారికి అక్కడ పొద్దు గడుస్తోంది, పిల్లలకు కాయ ఎక్కడినుంచి వస్తుందో తెలుస్తోంది. ఈ తోటల మట్టికి తిండి కావాలి. కింద వంటింట్లో ఆ తిండి రోజూ పుడుతోంది. రెండింటికీ మధ్య ఉన్నవి కొన్ని మెట్లు. కాని ఫోన్లలో తిరిగే చిట్కాలు ఆ మధ్య ఉండాల్సిన కాలాన్ని లెక్కలోంచి తీసేస్తున్నాయి. రాత్రి నానబెట్టి పొద్దున్నే పోయండి, వారంలో పూలు చూడండి అంటున్నాయి. అరటితొక్క నానిన నీళ్లలో కొంత పొటాషియం దిగే మాట నిజమే. అయితే నత్రజని, మిగతా పోషకాలు చాలావరకు తొక్కలోనే ఉండిపోతాయి. నీళ్లు కుండీలో పోసి తొక్కను బుట్టలో పారేస్తే మొక్కకు అందింది కొంతే. ఆ తొక్క పూర్తిగా మాగితే అందులో ఉన్నది చాలావరకు మట్టికి చేరుతుంది.

గుడ్డుపెంకుల సంగతీ అంతే. అది దాదాపు అంతా సున్నమే. ముక్కలుగా విరిచి మొదట్లో వేస్తే ఏళ్ల తర్వాత కూడా ముక్కలుగానే బయటపడుతుంది. మెత్తగా పొడి చేసి ఎరువులో కలిపితే మెల్లగా కరుగుతుంది. నల్లరేగడి మట్టిలో సున్నం ముందే ఉంటుంది కాబట్టి అక్కడ దాని అవసరమూ తక్కువే. టమాటా కాయ అడుగున నల్లగా కుళ్లుతోందంటే పెంకులు వెతకడం కంటే ముందు నీళ్లు వేళకు పోస్తున్నామో లేదో చూసుకోవాలి. మట్టిలో సున్నం ఉన్నా, తడి ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అయితే అది కాయదాకా చేరదు. టీ పిప్పి మంచిదే, గులాబీకి వేయొచ్చు. కాకపోతే పాలూ పంచదారా పోయేలా కడిగి ఆరబెట్టాలి, లేకపోతే చీమలు ముందు వస్తాయి. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు ఏ రోజువి ఆ రోజే పోసేయడం మేలు. ఉప్పు వేసి ఉడికించిన నీళ్లు మాత్రం ఏ మొక్కకూ వద్దు. ఊరగాయ అడుగు, మిగిలిన కూర, నూనె, మాంసం ముక్కలు ఇంట్లో ఎరువు చేసే డబ్బాలోకి రాకూడదు. ఉప్పు మట్టిలో పేరుకుంటుంది, మాంసం వాసనకు ఎలుకలూ పందికొక్కులూ మెట్లెక్కుతాయి.

కుండీలో పచ్చి తొక్కలు పూడ్చేవారికి ఒక మాట చెప్పాలి. నేల విశాలమైనది, ఒక మూల గొయ్యి తీసి నాలుగు తొక్కలు పూడిస్తే సర్దుకుంటుంది. కుండీలో అంత చోటు లేదు. తొక్క కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు మట్టిలోని ప్రాణవాయువును వాడుకుంటాయి, వేడి పుట్టిస్తాయి. అదే చోట ఊపిరి తీసుకోవాల్సిన వేరు ఉక్కిరిబిక్కిరవుతుంది. సన్నని ఈగలు చేరతాయి. ఆకులు పండుబారుతుంటే ఎండ ఎక్కువైందనుకుంటాం. అది ఆ మొక్క తప్పూ కాదు, తొక్క తప్పూ కాదు. మధ్యలో ఉండాల్సిన రెండు మూడు నెలలు లేకపోవడమే లోపం.

ఆ రెండు మూడు నెలలూ తొక్క ఎక్కడుండాలి? ఇరవై లీటర్ల పాత పెయింటు డబ్బా చాలు. ముందు రంగు ఏమీ మిగలకుండా కడిగేయాలి. మట్టికుండ అయితే మరీ మంచిది. అడుగునా పక్కలా చిల్లులు పెట్టాలి, కింద ఒక పళ్లెం ఉంచాలి. అడుగున కొబ్బరిపీచు పరిచి, ఆ రోజు తరుగును చిన్న ముక్కలు చేసి వేసి, దాని మీద రెండింతలు ఎండుటాకులు కప్పాలి. గుప్పెడు పాత ఎరువో, కాస్త పుల్లమజ్జిగో చిలకరిస్తే పని తొందరగా మొదలవుతుంది. అంతే. మర్నాడు మళ్లీ ఒక పొర.

కొన్నాళ్లకు డబ్బాలోకి తొంగిచూస్తే అక్కడ ఎంత పని జరుగుతోందో కనిపిస్తుంది. పైన వేసిన బీరచెక్కు ఇంకా పచ్చగానే ఉంటుంది. ఒక పొర కింద దోసకాయ తొక్క అంచులు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే విడిపోతుంటుంది. ఇంకా కిందికి పుల్లతో కదిపితే తెల్లని దారాల్లాంటి బూజు ఆకునూ తొక్కనూ కలిపి అల్లుకుని ఉంటుంది. అది చూసి కంగారుపడి పారబోసేవారున్నారు. ఆ బూజే ఎండుటాకు గట్టిదనాన్ని విరగ్గొడుతుంది. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది. పెద్ద కుప్పల్లో ఈ వేడి 60 డిగ్రీల దాకా పోతుంది, ఇంటి డబ్బాలో అంత ఎక్కదు. అందుకే టమాటా గింజలూ గుమ్మడి గింజలూ చావకుండా మిగిలి, ఎరువు వేసిన కుండీలో అడగకుండానే మొలుస్తాయి. గుప్పెడు తీసి పిండితే వేళ్ల సందున తడి తెలియాలి, నీళ్లు కారకూడదు. కారిందంటే, కుళ్లు కంపు వచ్చిందంటే తడి ఎక్కువై గాలి ఆడడం లేదని అర్థం. ఎండుటాకులు వేసి తిరగవేస్తే ఒకటి రెండు రోజుల్లో ఆ వాసన తగ్గుతుంది. ముక్కుకు ఘాటుగా తగిలితే నత్రజని ఎక్కువైనట్టు. దానికీ మందు ఎండుటాకే. ఎన్నాళ్లైనా ఏమీ మారకుండా ఉంటే ఎండిపోయిందన్నమాట, నీళ్లు చిలకరించాలి. ఒక్కోసారి లావుపాటి పురుగులు తెగ కదులుతూ కనబడతాయి. అవి తొక్కలను తినేవే, మొక్క జోలికి రావు. ఇష్టం లేకపోతే పైన మట్టో పొడి ఆకులో మందంగా కప్పితే తగ్గుతాయి.

ఒక డబ్బా నిండిందనుకున్నప్పుడల్లా అది దిగిపోతుంటుంది. అందుకే ఒక చిన్న సంసారం తరుగు అంత చిన్న డబ్బాలో వారాల తరబడి ఇముడుతుంది. నిండాక మూతపెట్టి పక్కన ఉంచి రెండోది మొదలుపెట్టాలి. రెండోది నిండేలోపు మొదటిది నల్లబడి, మూడో వంతుకు కుంగి, తొక్క ఆనవాలు లేకుండా మట్టి వాసన వేస్తుంది. దాన్ని జల్లించి ఒక పాలు ఎరువుకు మూడు పాళ్లు మట్టి చొప్పున కలుపుకోవచ్చు. జల్లెట్లో మిగిలిన ఈనెలు, టెంకలు మళ్లీ డబ్బాలోకే.

ఈ లెక్క అంతా కర్బనం, నత్రజని చుట్టూ తిరుగుతుంది. సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి పాతిక, ముప్పై పాళ్ల కర్బనం ఉంటే పని చక్కగా సాగుతుంది. వంటింటి తరుగులో నత్రజని, నీరు ఎక్కువ. ఎండుటాకులో కర్బనం ఎక్కువ. కాలం మారినకొద్దీ వంటింటి తరుగూ మారుతుంది. వేసవిలో పుచ్చకాయ చెక్కులు వస్తాయి, అవి దాదాపు నీళ్లే, ఆకులు మామూలు కంటే ఎక్కువ వేయాలి. ఆవకాయ పెట్టే రోజు జీడి, దాని మీది పల్చని పొర కుప్పగా మిగులుతాయి. జీడిని చితక్కొట్టి వేయకపోతే ఎరువులో మామిడి మొక్కలు మొలవొచ్చు. వానల్లో మొక్కజొన్న కండెలు, కార్తీకంలో సీతాఫలం తొక్కలు. పండగల తర్వాత బంతి, చామంతి. పూజచేసిన పూలను కాలు పడని చోట వేయాలన్న పట్టింపు మన ఇళ్లలో ఉంది. వాటిని కాలువలోనో చెరువులోనో వేసేకంటే దారం తీసేసి డబ్బాలో వేస్తే కాలు పడని చోటే చేరతాయి, మళ్లీ పూలచెట్టుకే వెళతాయి. ఇంతకంటే మర్యాద వాటికి ఎక్కడ దొరుకుతుంది?

తొక్కలకు కొదవ లేదు. పట్నంలో కొరత ఎండుటాకులకే, అదీ మనం చేసుకున్న కొరతే. ఫాల్గుణ మాసంలో వేపా, కానుగా, రావీ ఆకు రాల్చి వీధులు నింపుతాయి. ఊడ్చి మూలకు పోగుచేసి నిప్పు పెడతారు. ఆ పొగ పక్కింటి పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులోనే నిషేధించింది, మామూలు ఉల్లంఘనకు 5,000 రూపాయలు, పెద్దయెత్తున తగలబెడితే 25,000 జరిమానా అంది. అయినా వీధిమూల పొగ ఆగలేదు. ఆకును కాల్చేవాళ్లు ఒక వైపు, ఆకు లేక డబ్బా కంపు కొడుతోందని మానేసేవాళ్లు ఇంకో వైపు, ఇద్దరూ ఒకే వీధిలో ఉంటున్నారు. నాలుగు గోనెసంచుల ఎండుటాకులు దాచుకున్న ఇంటికి చాలాకాలం దిగులుండదు. తొక్కలతో ఎరువు చేద్దామని మొదలుపెట్టి మానేసిన ఇళ్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క సరుకు లేకే మానేశాయని మా నమ్మకం.

ఇక ముట్టుకోక తప్పని ఆ మనుషుల సంగతి. పొద్దున్నే బండి తోసుకొచ్చే పారిశుద్ధ్య కార్మికులు మనం ముడేసి ఇచ్చిన కవరును చేత్తో విప్పుతారు. చాలాచోట్ల ఆ చేతులకు సరైన తొడుగులు కూడా ఉండవు. లోపల కుళ్లిన కూర రసంలో తడిసిన సీసా పెంకో, వాడిపడేసిన సూదో, బ్లేడో ఉంటుంది. అమ్ముకోగల ప్లాస్టిక్, అట్ట కూడా ఆ రసంలో నాని పనికిరాకుండా పోతాయి. వాళ్ల చేతికి మిగిలే నాలుగు డబ్బులూ అలా పోతాయి. వీటిలో చాలా కష్టం పొట్లకాయ గుజ్జు, అన్నం మెతుకులు పొడి చెత్తతో కలవడం వల్ల వచ్చిందే. తడి వేరుగా, పొడి వేరుగా ఇస్తే వాళ్ల పని మురికిగా ఉండదని కాదు, ప్రమాదం తగ్గుతుంది, గౌరవం కాస్త పెరుగుతుంది. తొక్కల డబ్బా పెట్టడానికి తోట లేనివాళ్లకు కూడా ఈ ఒక్క కారణం చాలాలి.

బండి వెళ్లిపోయాక మనకు కనబడని కథ మరొకటి ఉంది. హైదరాబాదు చెత్త ఏళ్ల తరబడి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరి గుట్టలైంది. మన పట్టణాల చెత్తలో సగం దాకా తడిచెత్తే. గాలి ఆడని గుట్ట అడుగున అది కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. వేసవిలో డంపింగ్ యార్డులు అంటుకునేది చాలావరకు దీనివల్లే. గుట్టలోంచి ఊరిన నల్లటి నీరు నేలలోకి ఇంకుతుంది, చుట్టుపక్కల బోర్ల మీద ఆధారపడ్డవాళ్లు దాన్ని అనుభవిస్తారు. గాలి తగిలేలా మాగితే పోషకమయ్యే తొక్క, గాలి లేని చోట విషమవుతోంది.

వేరు చేయాలన్న నిబంధనలు లేక కాదు. తడి, పొడి, ఇంట్లో పుట్టే ప్రమాదకర చెత్తను మూడుగా ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి. హైదరాబాదులో ఆకుపచ్చ, నీలం డబ్బాలు ఇంటింటికీ పంచారు. చాలా ఇళ్లలో అవి వేరే అవసరాలకు మళ్లిపోయాయి. అయితే చేసి చూపినవారూ ఉన్నారు. సూర్యాపేట మున్సిపాలిటీ రెండువేల దశకం తొలినాళ్లలోనే ఇంటింటి నుంచి చెత్తను వేరుగా సేకరించి, తడిచెత్తతో వానపాముల ఎరువు చేసి దేశం దృష్టిలో పడింది. హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల వ్యర్థాల నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు తీస్తున్న సంగతిని 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో ప్రస్తావించారు. మార్కెట్‌లో సాధ్యమైంది వాడలో ఎందుకు కాదు? అక్కడ క్యాబేజీ ఆకుల్లో డైపర్లు కలవలేదు. తేడా ఇంతే.

ఇంట్లో ఈ పని ఎవరిదన్నది కూడా మాట్లాడుకోవాలి. తరగడం, వండడం, తోమడం, ఇప్పుడు ఎరువు చేయడం, అన్నీ ఇల్లాలి నెత్తిన పడితే ఏ మంచి అలవాటూ నాలుగు వారాలు నిలవదు. డబ్బా తిరగవేయడం మగవాళ్ల పని కావాలి, ఆకులు ఏరడం పిల్లల పని కావాలి. పనిమనిషి ఉన్న ఇంట్లో ఆమెకు ఎందుకో వివరంగా చెప్పాలి. తన ఇంటి ముందు రెండు కుండీలున్న మనిషికి మన ఎరువులో ఒక సంచి ఇస్తే, వేరు చేయమని రెండోసారి చెప్పాల్సిన అవసరం రాదు. వంద ఫ్లాట్లున్న చోట ఎవరికి వారు డబ్బా పెట్టలేకపోవచ్చు. సెల్లారులో ఒక మూల రెండు నాడెప్ తొట్లు కడితే, ఒకటి నిండుతుంటే ఒకటి మాగుతుంటుంది. అపార్ట్‌మెంటు సంఘాల సమావేశాల్లో పార్కింగ్ గురించి మాట్లాడుకునే సమయంలో పావు వంతు దీనికి ఇచ్చినా సరిపోతుంది.

మున్సిపాలిటీలను కోరేది ఒకటుంది. వేరుగా ఇస్తే బండిలో మళ్లీ కలిపేస్తున్నారన్న నిరాశ జనంలో బలంగా ఉంది. అది చాలాచోట్ల నిజం కూడా. కలపకుండా తీసుకెళ్లే బండి ముందు రావాలి. పారిశుద్ధ్య కార్మికులకు చేతి తొడుగులు, బూట్లు ఏడాది పొడవునా అందాలి. తడిచెత్తను ఏడాదంతా శుభ్రంగా వేరుచేసి ఇచ్చిన ప్రతి ఇంటికీ తొలకరి ముందు ఒక బస్తా మాగిన ఎరువు తిరిగి ఇవ్వాలి. ఏ వార్డు నుంచి ఎంత తడిచెత్త వచ్చింది, అందులో ఎంత ఎరువైంది, ఎంత గుట్టకు పోయింది అన్న లెక్కను ప్రతి నెలా ఆ వార్డు ఆఫీసు గోడ మీద రాయాలి.